ఊరటనిచ్చిన రంగులే ఉపాధి చూపాయి

చరోదా (ఛత్తీస్‌గఢ్): హౌరా - ముంబయి రైలు మార్గంలోని ఈ పట్టణం పేరు వినగానే భిలాయి మార్షలింగ్ యార్డు, సమీపంలోని ఉక్కు కర్మాగారం గుర్తుకు వస్తాయి. భిలాయిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959లో నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉపాధి వెతుక్కుంటూ ఇక్కడికి తరలివచ్చిన వారిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. దేశం నలుమూలల నుంచి జనం భిలాయికి చేరుతున్న ఆ కాలంలోనే, ఇక్కడికి ఈశాన్యాన సర్గుజా ప్రాంతంలో ఒక యువతి గడప దాటే వీలు లేక నాలుగు గోడల మధ్య రోజులు వెళ్లదీస్తున్నది. అనంతర కాలంలో దేశ విదేశాల్లో పేరు పొందిన సోనాబాయి రజ్వార్ ఆమే.

పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయికి చిన్న వయసులోనే తనకంటే చాలా పెద్దవాడైన వ్యక్తితో వివాహమైంది. ఊరికి ఎడంగా కట్టుకున్న ఇంట్లో భర్త ఆమెను సుమారు పదిహేనేళ్లపాటు ఎవరితోనూ కలవనీయలేదు. ఇరుగుపొరుగు లేరు, బంధువుల రాకపోకలు లేవు. తోడుగా ఉన్నది పసివాడైన కొడుకు మాత్రమే. వాడికి ఆటబొమ్మలు కావాలి. కొనడానికి అంగడికి వెళ్లే వీలు లేదు. దాంతో సోనాబాయి బావి దగ్గరి బంకమట్టిని పిసికి చిన్న చిన్న బొమ్మలు చేయనారంభించింది.

గోడలపై కొత్త లోకం

పంట ఇంటికి చేరిన తరువాత గోడలను అలికి అలంకరించుకోవడం రజ్వార్ స్త్రీలకు అనాదిగా ఉన్న ఆనవాయితీ. మన పల్లెల్లో పండుగకు ముందు సున్నం కొట్టి జాజు పూసే సంప్రదాయం వంటిదే ఇది. అయితే సోనాబాయి ఆనవాయితీతో ఆగలేదు. వెదురు బద్దలను గుండ్రంగా వంచి, ఒకదానితో ఒకటి కట్టి, వాటిపై మట్టి మెత్తి జాలీలు రూపొందించింది. వాటి గుండా ఇంట్లోకి గాలి, వెలుతురు చల్లగా వచ్చేవి. ఆ జాలీలపైన, గోడలపైన పక్షులు, కోతులు, పాములు, వాద్యాలు వాయించే మనుషులు వెలిశారు. వంటింటి దినుసులు, ఆకుపసరులు, రంగు మట్టి ఆమెకు వర్ణాలయ్యాయి. చూడడానికి నోచుకోని మనుషులను ఆమె తన చేతులతోనే తయారు చేసుకున్నది.

ఈ పని ఆమె ఎవరి మెప్పు కోసమూ చేయలేదు. దీనికి వెల ఉంటుందని ఊహించనూ లేదు. భోపాల్‌లో 1982లో ఏర్పాటైన భారత్ భవన్ తరఫున చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ నేతృత్వంలో గ్రామీణ, గిరిజన కళల అన్వేషణ సాగింది. ఆ క్రమంలో పుహ్‌పుత్రాకు వచ్చినవారు ఆమె ఇంటిని చూసి విస్మయం చెందారు. గోడల మీది కొన్ని భాగాలను విడదీసి భోపాల్‌కు తరలించారు. ఏళ్ల తరబడి తనకు తోడున్న బొమ్మలు అలా వెళ్లిపోగా, 1983లో ఆమెకు రాష్ట్రపతి పురస్కారం లభించింది. 1986లో అమెరికాలోని శాన్‌డియాగోకు వెళ్లి తన కళను ప్రదర్శించింది. ఒకప్పుడు గడప దాటని ఆమె సముద్రాలు దాటింది.

డెబ్బయ్యో పడి చేరువలో కుంచె

పొరుగున ఉన్న మధ్యప్రదేశ్‌లోని ఉమరియా జిల్లా లోఢా గ్రామానికి చెందిన జోధయ్యా బాయి బైగా కథ కూడా ఇటువంటిదే. భర్త మరణానంతరం కూలిపని చేసి, అడవి నుంచి కట్టెలు తెచ్చి అమ్మి ఆమె పిల్లలను పెంచింది. శాంతినికేతన్‌లో చదివిన చిత్రకారుడు ఆశిష్ స్వామి ఆ గ్రామంలో కళాకేంద్రం ప్రారంభించగా, డెబ్బయి ఏళ్లకు చేరువవుతున్న వయసులో తొలిసారి కుంచె చేతబట్టింది. పులులు, ఇప్పచెట్లు, బైగాల దేవతలు ఆమె చిత్రాలకు వస్తువులయ్యాయి. 2019లో ఆ చిత్రాలు ఇటలీలోని మిలాన్‌లో ప్రదర్శితమయ్యాయి. 2023లో కేంద్ర ప్రభుత్వం ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. అయినా తనకు పక్కా ఇల్లు మంజూరు కాలేదని ఆమె మొరపెట్టుకున్నట్లు అప్పట్లో వార్తలు వచ్చాయి. 2024 డిసెంబరులో ఆమె కన్నుమూసింది.

వైద్యుల దృష్టిలో

బొమ్మలు వేయడం మనసుకు ఊరటనిస్తుందన్న అభిప్రాయం వైద్యరంగానికి కొత్త కాదు. బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ 1938లో క్షయ చికిత్స పొందుతూ చిత్రాలు గీసి కోలుకున్నారు. ఆ అనుభవంతో తోటి రోగులకూ కుంచె అందించి, 1942లో ఈ పద్ధతికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, వ్యాధుల నివారణలోనూ చికిత్సలోనూ కళలు తోడ్పడగలవని పేర్కొన్నది. అయితే తీవ్రమైన మానసిక వ్యాధులకు ఇది వైద్యంతోపాటు సాగవలసినదే గాని, దానికి బదులు కాజాలదు.

పుహ్‌పుత్రా, లోఢా గ్రామాల అనుభవం మరొక విషయాన్ని కూడా తెలుపుతున్నది. ఊరటకు పిడికెడు మట్టి, నాలుగు రంగులు చాలాయి. జీవనోపాధికి మాత్రం అవి చాలలేదు. భోపాల్ నుంచి అన్వేషకులు రాకపోతే సోనాబాయి గోడలు ఏదో ఒక వర్షాకాలంలో కరిగిపోయేవి. గ్రామంలో కళాకేంద్రం వెలవకపోతే జోధయ్యా బాయి కట్టెలమోపుతోనే జీవితం ముగించేది. గుర్తింపు కోసం కళాకారులు వేచి ఉండడం కాక, గుర్తించగలవారే గ్రామాలకు వెళ్లిన సందర్భాలివి.

సోనాబాయి 2007లో మరణించింది. రెండేళ్ల తరువాత శాన్‌డియాగోలోని మింగే మ్యూజియం ఆమె కృషిపై ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. ఏ పసివాడి కోసం ఆమె తొలి బొమ్మ చేసిందో ఆ కుమారుడు దరోగా రామ్ పెద్దవాడై తల్లి వద్దనే ఈ విద్య నేర్చుకుని, తానూ మట్టి బొమ్మల కళాకారుడయ్యాడు.