కంప్యూటర్లో మన తరగతి పుస్తకం



పరీక్షలు అయిపోతే పదో తరగతి వాళ్ళం పెట్టెలు సర్దుకొని ఎవరి ఊరికి వాళ్ళం పోతాం. ఒకరిది సీతంపేట, ఒకరిది గుమ్మలక్ష్మీపురం, ఇంకొకరిది పాచిపెంట. ఐదేళ్ళు పక్కపక్కన పడుకున్నవాళ్ళం మళ్ళీ ఎప్పుడు కలుస్తామో! అందుకే కంప్యూటర్ పీరియడ్‌లో అందరి ఫొటోలు, పేర్లు, తలా రెండు మాటలతో ఒక పుస్తకం చేశాం. దీన్నే ఇయర్‌బుక్ అంటారు. వచ్చే ఏడు చేసే తమ్ముళ్ళ కోసం పద్ధతి రాస్తున్నాం.

మొదట ఫొటోలు. మాస్టారి ఫోన్‌తో, ప్రేయర్ అయ్యాక చెట్టు నీడలో తీశాం. ఎండలో అయితే కళ్ళు చికిలించేస్తాం. ఒక్కో ఫొటో 4 ఎం.బి. ఉంటే 60 మందికి 240 ఎం.బి. అవుతుంది, పాత కంప్యూటర్ మొరాయిస్తుంది. ఒక్కోటి 300 కె.బి.కి తగ్గిస్తే మొత్తం 18 ఎం.బి.లో సరిపోతుంది. ఫైళ్ళకి 1, 2 అని కాక 01, 02 అని పేరు పెట్టండి. లేకపోతే కొన్నిచోట్ల 1 తరవాత 10 వచ్చి వరస తప్పుతుంది.

తరవాత పేర్లు. ఇక్కడే దెబ్బ తిన్నాం. పాత తెలుగు ఫాంటులో రెండు వారాలు టైపు కొట్టాం. ఇంకో కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చిగీతలు! ఎందుకంటే ఆ ఫాంటు ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెడుతుంది. ఆ ఫాంటు లేనిచోట తెలుగు పోతుంది. యూనికోడ్‌లో అలా కాదు. ‘క’ అక్షరానికి ప్రపంచమంతటా ఒకటే నంబరు, 3093. సవర భాషకు 1936లో ఒడిశాలో మంగయి గొమాంగో గారు చేసిన సొరంగ్ సొంపెంగ్ లిపికి కూడా 2012 నుంచి అందులో చోటుంది. లిబ్రె ఆఫీస్‌లో మళ్ళీ మొదటినుంచి కొట్టాం.

కొట్టింది చూపిస్తే ఒక మిత్రుడు నెమ్మదిగా అన్నాడు: “ఇది మా అమ్మ పెట్టిన పేరు కాదురా. బడిలో చేర్చినప్పుడు తప్పు రాసేరు.” ఐదేళ్ళూ ఆ తప్పు పేరుతోనే పిలిచాం! ఎవరికీ మాట రాలేదు. ఆ రోజునుంచి ఒక్కొక్కరినీ కూచోబెట్టి, ఎవరి పేరు వాళ్ళచేతే కొట్టించాం. రిజిస్టరు పేరు, ఇంట్లో పిలిచే పేరు రెండూ వేశాం.

ఫొటో వద్దన్నవాళ్ళని బలవంతం చెయ్యకండి. వాళ్ళు గీసిన బొమ్మ వెయ్యండి. ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు పెట్టకండి.

ఆఖరున పి.డి.ఎఫ్.గా మార్చి మూడుచోట్ల దాచాలి: బడి కంప్యూటర్లో, పెన్‌డ్రైవ్‌లో, మాస్టారి దగ్గర. ఒక ప్రింటు లైబ్రరీకి ఇచ్చాం.

ఈ గోడ మీది కాగితం వచ్చే వానలకి చిరిగిపోతుంది. ఆ పుస్తకంలో మాత్రం మా పేర్లు సరిగ్గా ఉంటాయి. మీ పుస్తకం పేర్లతోనే మొదలుపెట్టండి, తమ్ముళ్ళూ.

తప్పులుంటే మన్నించగలరు.

— పదో తరగతి విద్యార్థులు