నాలుక మీద దొరికిన మత్తుమందు

1930ల్లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో బార్లీ మొక్కల మీద పరిశోధన సాగుతోంది. బార్లీలో ఉండే గ్రామిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేయబోయిన రసాయన శాస్త్రవేత్త హోల్గర్ ఎర్ట్‌మన్‌కు దాన్ని పోలిన మరో పదార్థం చేతికొచ్చింది. అప్పటి రసాయన శాస్త్రవేత్తల అలవాటు ప్రకారం కాస్త నాలుకకు తగిలించి చూశాడు.

నాలుక మొద్దుబారింది!

ఆ తిమ్మిరి విలువ ఆయన వెంటనే గ్రహించాడు. అప్పటికి ఉన్న మత్తుమందులకు ఒక్కోదానికి ఒక్కో చిక్కు. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకైన్ చుక్కలతో కంటికి నొప్పి తెలియకుండా చేయవచ్చని చూపాడు. న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ అదే మందును నరం పక్కన ఎక్కించి, ఆ నరం పరిధినంతా మొద్దుబార్చాడు. తన మీదే ప్రయోగాలు చేసుకుని చివరకు కొకైన్‌కు బానిసయ్యాడు. 1905లో వాడుకలోకి వచ్చిన నోవకెయిన్‌తో ఆ వ్యసనం లేదు. కానీ దాని ప్రభావం త్వరగా తగ్గిపోయేది, కొందరికి పడేది కాదు.

ఎర్ట్‌మన్ వదిలిన దారం కొసను మరో రసాయన శాస్త్రవేత్త నీల్స్ లోఫ్‌గ్రెన్ పట్టుకున్నాడు. ఎన్నో పదార్థాలు తయారుచేశాక 1943లో ఒకటి కుదిరింది. దాన్ని యువ సహచరుడు బెంగ్ట్ లుండ్‌క్విస్ట్ తన ఒంట్లోకే ఎక్కించుకుని పరీక్షించాడు. అదే లిడోకెయిన్. 1948లో ఆస్ట్రా కంపెనీ దాన్ని జైలోకైన్ పేరుతో అమ్మకానికి తెచ్చింది. మన ఆసుపత్రుల్లోనూ వినపడే పేరు అదే.

ఇది పనిచేసే తీరు చూడండి. నొప్పి కబురు నరం వెంట సాగాలంటే దారి పొడవునా సోడియం అయాన్లు లోపలికి రావాలి. మందు నరం పొరను దాటి లోపలికి వెళ్లి, సోడియం వచ్చే ద్వారాలను లోపలి వైపు నుంచి మూసేస్తుంది. కబురు మెదడుకు చేరదు. మనిషి మాత్రం మెలకువగానే ఉంటాడు.

చీము పట్టిన పన్ను దగ్గర మత్తు సరిగా ఎక్కకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అక్కడి ఆమ్లగుణం వల్ల మందు నరం పొరను తేలిగ్గా దాటలేదు. ఇక కింది దవడ వెనక పళ్ల చుట్టూ ఎముక దట్టంగా ఉండి, పన్ను పక్కన వేసిన మందు సరిగా ఇంకదు. అందుకే అక్కడి పన్ను పీకేటప్పుడు డాక్టర్ పన్నుకు దూరంగా, దవడ వెనక భాగంలో, నరం ఎముకలోకి దిగే చోట సూది వేస్తారు. కాసేపటికి పెదవి సగం దిమ్మెక్కుతుంది. పన్ను కదిలిస్తున్నప్పుడు ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే ఓర్చుకుంటూ కూర్చోనక్కర్లేదు, చెయ్యెత్తి చెప్పాలి. చెవుల్లో హోరు వినిపించినా, కళ్లు తిరిగినా వెంటనే చెప్పాలి. మందు రక్తంలో ఎక్కువైందనడానికి అవి తొలి గుర్తులు.

ఇంటికొచ్చాక కూడా కొన్ని గంటల పాటు పెదవి మొద్దుగానే ఉంటుంది. ఆలోపు పిల్లలకు అన్నం పెట్టకపోవడమే మంచిది. నొప్పి తెలియక తమ పెదవినే కొరికేసుకుంటారు.