తడి ఆరిన తరువాతే తపాలా

హిజ్రత్ చేసి మదీనా చేరిన తొలి రోజులలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) గారింట బస చేశారు. ఒకనాడు ఆయన పంపిన వంటకం తాకకుండానే తిరిగి వచ్చింది. అబూ అయ్యూబ్ కంగారుపడి వెళ్ళి, ఇది నిషిద్ధమా అని అడిగారు. నిషిద్ధం కాదనీ, అందులోని వెల్లుల్లి తనకు రుచించలేదనీ ప్రవక్త తెలిపారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనాన్ని సాధారణంగా పచ్చి వెల్లుల్లి తిని మస్జిదుకు వెళ్ళరాదన్న నియమంతో కలిపి చదువుతాము. అయితే, తాను పంపినది అవతలివారికి ఎలా చేరిందో అన్న ఒక ఇంటివారి ఆరాటం కూడా అందులో ఉన్నది.

పెరట్లో పండిన వెల్లుల్లిని అత్తవారింట ఉన్న కూతురికో, దూరాన చదువుకుంటున్న కొడుకుకో, ఒంటరిగా ఉన్న ఖాలాకో పంపే ప్రతి తల్లికీ ఆ ఆరాటం తెలుసు. తెల్లగడ్డ అనండి, ఎల్లిగడ్డ అనండి, ఇంట్లో లహసన్ అనండి. అది లేని సాలన్ మన పొయ్యి మీద అరుదు. 2024 ఫిబ్రవరిలో కిలో ధర అనేక పట్టణాలలో 400 రూపాయలు దాటినప్పుడు, ఊరి నుండి వచ్చిన రెండు కిలోల పెట్టె ఎంత అక్కరకు వచ్చి ఉంటుందో చెప్పనక్కరలేదు.

చలి మొదలయ్యే అక్టోబర్, నవంబర్ మాసాలలో నాటిన రెబ్బలు నాలుగు నుండి అయిదు నెలలలో గడ్డ కడతాయి. ఆకులు పసుపుబారి వాలుతున్నప్పుడు నీరు ఆపి, పది రోజులకు మట్టిని గుల్లచేసి తవ్వితీయాలి. సాగులో ఇంతకు మించిన మర్మం లేదు. అసలు పరీక్ష తవ్విన తరువాతనే మొదలవుతుంది.

ఈ కొన్నేళ్ళుగా రమజాన్ ఫిబ్రవరి, మార్చి నెలలలో వస్తున్నది. పంట కూడా అప్పుడే చేతికి వస్తుంది. మొదటి సహరీ నాటికే అందాలన్న తొందరలో పచ్చిగడ్డలను సంచిలో కట్టి పంపేవారు ఉన్నారు. వారి ప్రేమను శంకించలేము కానీ, ఆ పెట్టె గతి వేరు. మూసిన పెట్టెలో పచ్చి వెల్లుల్లి తన తేమతో తానే ఉడుకుతుంది. మెడ దగ్గర బూజు పడుతుంది. ఒక గడ్డ కుళ్ళితే పక్కవాటికి అంటుకుంటుంది. రమజాన్ మొదటి వారంలో కుళ్ళి చేరేకన్నా ఈద్ నాటికి గట్టిగా చేరడం మేలు.

తవ్విన గడ్డలను కడగరాదు. మట్టిని చేతితో దులిపి, ఆకులూ వేర్లూ ఉండగానే నీడలో గాలి ఆడేచోట పరచాలి. లేదా ఆకులను జడలా అల్లి వసారా దూలానికి వేలాడదీయాలి. నేరుగా ఎండ తగిలితే రెబ్బలు కమిలి మెత్తబడతాయి. ఆకులలోని తేమ ఇంకి, మెడ సన్నబడి మూసుకుపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వేర్లు పెళుసుగా విరగాలి, పైపొర కాగితంలా గలగలమనాలి. మెడను అంగుళం పొడవున కత్తిరిస్తే కోసినచోట పచ్చదనం గానీ చెమ్మ గానీ కనిపించరాదు. కనిపిస్తే మరో వారం. పలుగు తగిలి గాటుపడినవి, రెబ్బలు విడిపోయినవి మన వంటింటికే.

ఇక పెట్టె. ప్లాస్టిక్ సంచి వద్దు. పలుచని నూలు సంచిలో గడ్డలు పోసి, నాలుగువైపులా రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పాత వార్తాపత్రికల మధ్య కదలకుండా అమర్చాలి. చిరునామాతో పాటు ఆరంకెల పిన్‌కోడ్, ఫోన్ నంబరు పెట్టె లోపలి చీటీ మీద కూడా రాయడం మంచిది. పైన అతికించినది చినిగితే అదే దిక్కు. చేరగానే పెట్టె విప్పి గాలికి పెట్టమనీ, ఫ్రిజ్‌లో దాచవద్దనీ ఆ చీటీలోనే రాయండి. చలికి గడ్డ త్వరగా మొలకెత్తుతుంది.

పొట్టు తీసే శ్రమ తప్పిద్దామని రెబ్బలను నూనెలో వేసి పంపాలనుకునేవారికి ఒక హెచ్చరిక. గాలి తగలని నూనెలో, మామూలు వేడిమిలో, ప్రాణాంతకమైన బాట్యులిజం విషం పుట్టే అవకాశం ఉన్నది. రంగూ వాసనా మారకపోవచ్చు. కోడలు బాలింత అయితే ఆమె శ్రమ తగ్గించడానికి పలుచగా తరిగిన రెబ్బలను విరిగేంత పెళుసుగా ఎండబెట్టి పొడి చేసి పంపడం క్షేమం.

విదేశాలలోని పిల్లల సంగతి వేరు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వంటి దేశాలు తాజా కూరగాయలను, మొలకెత్తగల గడ్డలను తపాలాలో రానివ్వవు. ఏ దేశానికైనా ముందు అక్కడి నిబంధన తెలుసుకోవాలి. పెట్టెలో ఏమున్నదో ఫారంలో ఉన్నదున్నట్లు రాయాలి. బట్టల మధ్య దాచి పంపమని సలహా ఇచ్చే బంధువులు ప్రతి ఖాన్‌దాన్‌లోనూ ఒకరుంటారు. వారి మాట వినవద్దు.

పంచుకునే ముందు అన్నిటికన్నా పెద్ద గడ్డలు పది పక్కన తీసి పెట్టుకోండి. అక్టోబర్‌లో నాటవలసినవి అవే.