ఊళ్లోనే ప్రవాసం

వంశం గురించి, వారసత్వం గురించి వచ్చిన కవిత్వంలో తరచూ రెండు గొంతులు వినిపిస్తాయి. ఇదంతా నాదే అంటుంది ఒకటి. నన్ను లోపలికి రానివ్వలేదంటుంది రెండోది. తెలుగులో ఈ రెండూ విడదీయలేనంతగా పెనవేసుకున్న కావ్యం గుర్రం జాషువా ‘గబ్బిలం’ (1941).

జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇంటి మతం క్రైస్తవం. క్రైస్తవుడికి పురాణాలెందుకని కొందరు, అంటరానివాడికి పద్యమేమిటని మరికొందరు ఆక్షేపించారు. ఆయన పద్యాన్ని వదల్లేదు. పైగా కాళిదాసు ‘మేఘదూతం’ నడకనే తీసుకున్నారు. అందులో యక్షుడు శాపవశాన ఇల్లు విడిచి, మేఘంతో భార్యకు కబురు పంపుతాడు. ‘గబ్బిలం’లో కబురు పంపేది ఒక అస్పృశ్యుడు, అందుకునేది శివుడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి అడ్డు లేదు. అందుకే అది దూత అయింది.

కావ్యం అసలు బలం ఈ మార్పులోనే ఉంది. యక్షుడి శాపానికి ఏడాది గడువు, ఆ తర్వాత చేరడానికి ఇల్లు ఉంది. ఈ మనిషి ఎక్కడికీ వెళ్లలేదు, పుట్టిన చోటే వెలి, దానికి గడువూ లేదు. అయినా గబ్బిలానికి దారి చెబుతూ తెలుగువాళ్ల చారిత్రక స్థలాలను గర్వంగా చూపిస్తాడు. తనను బయట నిలబెట్టిన చరిత్రనే తనదిగా చెప్పుకుంటాడు. దీన్ని ఫిర్యాదుగా మాత్రమే చదివితే సగమే చదివినట్టు. 1995లో వచ్చిన దళిత కవితా సంకలనం ‘చిక్కనవుతున్న పాట’ నాటికి కవుల స్వరం మారింది. వాటా అడగడంతో సరిపెట్టక, ఆ వారసత్వాన్నే నిలదీశారు.

ఇతర దేశాల్లోనూ దీనికి పోలికలున్నాయి. అమెరికా నల్లజాతి కవి కౌంటీ కల్లెన్ 1925 నాటి ‘హెరిటేజ్’ కవితలో, తాను ఎన్నడూ చూడని ఆఫ్రికాతో తనకేమిటి సంబంధమని తర్కించుకున్నారు. సెయింట్ లూసియా కవి డెరెక్ వాల్కాట్ తాతలిద్దరూ తెల్లవాళ్లు, నాయనమ్మా అమ్మమ్మా నల్లవాళ్లు. ‘ఎ ఫార్ క్రై ఫ్రమ్ ఆఫ్రికా’లో ఆయన తన ఇంగ్లీషు భాషకూ ఆఫ్రికా రక్తానికీ మధ్య నలిగిపోతారు. జాషువా చిక్కు వేరు. ఆయనకు భాష పరాయిది కాదు, ఆ భాష మాట్లాడేవాళ్లే ఆయన్ని పరాయివాణ్ణి చేశారు.

సొంత భాషలోనే ఇలా పరాయి కావడానికి కులమొక్కటే కారణం కాదు. ఉత్తరాంధ్రలో కులంతో పాటు యాస కూడా మనిషిని వెలివేసింది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి బాగుచేసి సన్నఖద్దరుకు నూలు వడికే ఆడవాళ్ల తెలుగుకు పాఠ్యపుస్తకంలో చోటు లేదు. ఈ ప్రాంతంలోనే పుట్టిన గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం పోరాడటం, విజయనగరంలో గురజాడ 1910లో ‘ముత్యాల సరాలు’ రాయడం యాదృచ్ఛికమనిపించదు. తర్వాత పార్వతీపురం ప్రాంతంనుంచి వచ్చిన వంగపండు ప్రసాదరావు ఆ యాసను పాటగా కట్టి రాష్ట్రమంతా పాడించారు.

ఉత్తరాంధ్ర కొండల్లోనే సవర గిరిజనులున్నారు. వాళ్ల భాష తెలుగు కాదు, ముండా కుటుంబానిది. గిడుగు దాన్ని నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1933, 1938లలో నిఘంటువులు వెలువరించారు. గిరిజనుల మీద తెలుగులో వచ్చిన పాటలెన్నో ఉన్నాయి. సవరలు తమ పితరులను తలుచుకుంటూ సవరలో పాడుకునే పాట మాత్రం నేటికీ ఎక్కువమంది తెలుగు పాఠకులకు చేరలేదు.