లినక్స్ కన్సోల్ – లాగిన్, టెర్మినల్ అనుమతులు: ఒక పరిశీలన

ప్రస్తావన:
ఒకే కంప్యూటరును పలువురు వంతులవారీగా వాడుకొనేచోట, ఒకరు లేచిన తరువాత మరొకరు అదే కీబోర్డు ముందు కూర్చుంటారు. మొదటి వ్యక్తి నడిపిన ప్రోగ్రాం ఏదైనా ఇంకా పొంచి ఉంటే, రెండవ వ్యక్తి టైపు చేసే పాస్‌వర్డ్ దానికి చిక్కవచ్చు. ఈ ప్రమాదాన్ని లినక్స్ ఏ విధంగా నివారిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫైలుగా టెర్మినల్:
యూనిక్స్ సంప్రదాయాన్ని అనుసరించి లినక్స్‌లో పరికరాలు సైతం ఫైళ్ళుగా కనిపిస్తాయి. మొదటి కన్సోల్ ‘డెవ్’ డైరెక్టరీలోని ‘టీటీవై1’ అనే ఫైలు. ‘టీటీవై’ అన్నది టెలిటైప్ యంత్రం పేరుకు సంక్షిప్త రూపం. ఫైలు కనుక దీనికి కూడా యజమాని, సమూహం, ఇతరులు అనే మూడు అంచెల అనుమతులు వర్తిస్తాయి. చదివే అనుమతి ఉన్న ప్రోగ్రాం కీబోర్డు అక్షరాలను గ్రహించగలదు. రాసే అనుమతి ఉన్నది తెరపై తనకు తోచినది చూపగలదు.

యాజమాన్య మార్పిడి:
ఎవరూ లాగిన్ కానప్పుడు ఆ ఫైలు రూట్ అధీనంలో ఉంటుంది. ‘ఎగెట్టీ’ అనే ప్రోగ్రాం వాడుకరి పేరు అడుగుతుంది. తరువాత ‘లాగిన్’ ప్రోగ్రాం పాస్‌వర్డ్‌ను సరిచూసి, ఫైలు యాజమాన్యాన్ని ఆ వాడుకరికి బదలాయిస్తుంది. అనుమతులు సాధారణంగా 600 లేదా 620గా ఉంటాయి. 620లో 6 అంటే యజమాని చదవవచ్చు, రాయవచ్చు. 2 అంటే ‘టీటీవై’ సమూహం రాయడానికి మాత్రమే అర్హం. 0 అంటే ఇతరులకు ఏ హక్కూ లేదు. ‘రైట్’ వంటి ప్రోగ్రాములు ఈ సమూహ అధికారంతోనే ఒకరి సందేశాన్ని మరొకరి తెరపైకి చేరుస్తాయి. సందేశాలు వద్దనుకొన్నవారు ‘మెస్గ్ ఎన్’ కమాండుతో ఆ అనుమతిని తొలగించుకోవచ్చు. నిర్వహణాధికారి ఈ అంకెలను ‘ఈటీసీ’ డైరెక్టరీలోని ‘లాగిన్ డెఫ్స్’ ఫైలులో నిర్ణయించవచ్చు.

అనుమతుల పరిమితి:
అయితే అనుమతుల తనిఖీ ఫైలును తెరిచే క్షణంలోనే జరుగుతుంది. అంతకుముందే తెరిచి ఉంచుకొన్న ప్రోగ్రాంను యాజమాన్య మార్పు అడ్డుకోలేదు. తాళం మార్చినంత మాత్రాన ఇంట్లో ఉన్నవారు బయటకు పోరు కదా! ఈ లోపాన్ని ‘వీహ్యాంగప్’ అనే సిస్టమ్ కాల్ పూరిస్తుంది. కొత్త లాగిన్‌కు ముందు ఇది ఆ టెర్మినల్‌తో పాత ప్రోగ్రాములకు ఉన్న సంబంధాన్ని తెంచివేస్తుంది. ఆపై అవి చదవబోయినా అక్షరాలు అందవు.

మిగిలిన ప్రమాదం:
మొదటి వ్యక్తి లాగౌట్ కాకుండా, లాగిన్ తెరను పోలిన నకిలీ తెరను నడిపి వెళ్ళిపోతే పై ఏర్పాట్లేవీ పనిచేయవు. అప్పటికి అతడే ఆ టెర్మినల్‌కు చట్టబద్ధమైన యజమాని. వ్యవస్థలో అనుమతించి ఉన్నట్లయితే ఆల్ట్, సిస్‌ఆర్‌క్యూ, కె మీటలను కలిపి నొక్కడం దీనికి విరుగుడు. కెర్నెల్ ఆ కన్సోల్‌పై నడిచే ప్రోగ్రాములన్నింటినీ అంతం చేస్తుంది. ఆపై కనిపించేది అసలైన లాగిన్ తెర.

ముగింపు:
టెర్మినల్ భద్రత అంకెలతో ముగిసేది కాదు. కొత్తవారికి హక్కు ఇవ్వడం ఎంత ముఖ్యమో, పాతవారి పట్టును పూర్తిగా విడిపించడం అంతే ముఖ్యమని పై పరిశీలన వలన స్పష్టమవుతుంది.