పన్నుకు పొన్ను

రుద్రంగి నుంచి పన్ను నొప్పితో కోరుట్లకో, సిరిసిల్లకో, జగిత్యాలకో వెళ్లి రూట్ కెనాల్ చేయించుకున్నవాళ్లు ఆ తర్వాత ఆరా తీసేది క్యాప్ గురించే. మెటల్‌దా, పింగాణీదా, జిర్కోనియాదా, ధర ఎంత, వారంటీ ఎన్నేళ్లు? ముచ్చటంతా క్యాప్ చుట్టే తిరుగుతుంది, దాన్ని మోయాల్సిన పన్ను ఊసు రాదు. వారంటీ కార్డు హామీ ఇచ్చేది పైనున్న తొడుగుకు. కానీ క్యాప్ వేసిన పన్ను చెడేది ఎక్కువగా కిందనే: అంచు దగ్గర మళ్లీ పుచ్చడం, సిమెంట్ వదలడం, వేరు చీలడం. కాబట్టి క్యాప్ రకం కంటే ముందు తేలాల్సినవి రెండు: ఆ పన్ను క్యాప్‌కు తగినదా, దాన్ని ఎలా అరగదీస్తారు?

మొదటిదానికి జవాబు పాత ఇళ్లలోని రోకలి దగ్గరుంది. చివరన ఇనుప పొన్ను లేని రోకలి దంచుతుంటే చీలిపోతుంది. అయితే ఆ పొన్నుకూ లోపల గట్టి కర్ర ఉండాలి. దంతవైద్యులు వాడే ‘ఫెర్రూల్’ అనే మాటకు అర్థం పొన్నే. పుచ్చునంతా తీశాక చిగురుకు పైన, చుట్టూరా 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగిలితే క్యాప్ దాన్ని బిగించి పట్టుకుంటుంది. అంతా సిమెంటూ, వేరులోకి దించిన కడ్డీ (పోస్టు) అయితే నమిలే బరువు నేరుగా వేరు మీద పడుతుంది. దీంతోపాటు ఎక్స్‌రేలో వేరు చుట్టూ ఎముక ఎంతుందో, రూట్ కెనాల్ కొసదాకా నిండిందో లేదో చూడాలి. కదిలే పన్నుకు, వేరు చీలిన పన్నుకు ఎంత ఖరీదు క్యాప్ వేసినా చెదపట్టిన దూలం మీద కొత్త పెంకులు కప్పినట్టే.

రూట్ కెనాల్ అయి నొప్పి పోయాక ఫిల్లింగ్ చాలదా, క్యాప్ దండగ కదా అనేవాళ్లున్నారు. ముందు పండ్ల విషయంలో ఆ మాటలో చాలావరకు నిజముంది. 1984లో సోరెన్సెన్, మార్టినాఫ్ అనే పరిశోధకులు 1,273 రూట్ కెనాల్ పండ్లను పరిశీలించారు. క్యాప్ వల్ల దవడ పండ్లు నిలవడం బాగా మెరుగైంది, ముందు పండ్లకు చెప్పుకోదగ్గ తేడా రాలేదు. క్యాప్ లేని రూట్ కెనాల్ పండ్లు ఆరు రెట్లు ఎక్కువగా ఊడిపోయినట్టు 2002లో అక్విలినో, కాప్లన్ చూపారు. మంచి పండ్లకే క్యాప్ వేసి ఉంటారు, అందుకే అవి నిలిచాయనే వాదన పూర్తిగా కొట్టిపారేయదగింది కాదు. అయినా నడుమ గుల్లచేసిన దవడ పన్ను సకినాలో, మూలుగ బొక్కో కొరికినప్పుడు గోడలు విచ్చుకుని పగలడం సహజం. ఆ గోడలను కలిపి పట్టే పని ఫిల్లింగ్ చేయలేదు.

అలాగని ప్రతి పన్నుకూ క్యాప్ వేయడమూ తప్పే. ముందు పండ్లకు నిండు పింగాణీ తొడుగు వేస్తే పైకి కనబడే భాగంలో 63 నుంచి 72 శాతం అరిగిపోతుందని 2002లో ఎడెల్హాఫ్, సోరెన్సెన్ తూకం వేసి చెప్పారు. అరగదీసింది మళ్లీ మొలవదు. ఊడిన పన్ను స్థానంలో బ్రిడ్జి కట్టడానికి అటూ ఇటూ ఉన్న మంచి పండ్లను చెక్కేముందు దీన్ని గుర్తుంచుకోవాలి. ఇక రెండో ప్రశ్న, ఎలా అరగదీస్తారనేది. జిర్కోనియా గట్టిది కాబట్టి తక్కువ అరగదీసినా సరిపోతుందనేది సగం నిజం. మందం తగ్గించవచ్చు గానీ, గోడలు మరీ ఏటవాలైతే ఎంత గట్టి క్యాప్ అయినా జారిపోతుంది. జీవమున్న పన్నును నీళ్లు చిమ్ముతూనే అరగదీయాలి. పన్ను లోపలి వేడి 5.5 డిగ్రీలు పెరిగితే 15 శాతం పండ్లలో నరం చచ్చిపోయిందని 1965లో జాక్, కోహెన్ కోతులపై చేసిన ప్రయోగం తేల్చింది. గోడలు గట్టిగా ఉన్నచోట పైభాగాన్ని మాత్రమే కప్పే ఆన్‌లే సరిపోవచ్చు.

గల్ఫ్ నుంచి నెల సెలవు మీద వచ్చేవారికి ఈ వివరాలన్నీ చూసే తీరిక ఉండదు. తిరిగి విమానం ఎక్కే ముందు వారంలో ఆస్పత్రికి వెళ్తే పని హడావిడిగానే అవుతుంది. అచ్చు తీశాక ల్యాబ్ నుంచి క్యాప్ రావడానికి, అమర్చాక కొరుకు సరిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి ఊరికి చేరిన వారంలోనే పన్ను చూపించుకోండి. ధర అడిగేముందు ‘చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది సార్?’ అని అడగండి.