గేటు మీది పేరు కాదు, మస్టరులోని పేరు చూడాలి
లారీ డ్రైవరు ఉద్యోగంలో చేరే ముందు తేల్చుకోవలసిన సంగతులు

కడప నుంచి ఎర్రగుంట్ల మీదుగా ముద్దనూరు పోయే రోడ్డు పక్కన కొంతసేపు నిలబడితే చాలు, ఈ జిల్లా బ్రతుకు లారీ చక్రాల మీద ఎంతగా ఆధారపడి ఉన్నదో తెలిసిపోతుంది. భూమిలో సున్నపురాయి ఉన్నందున సిమెంటు ఫ్యాక్టరీలు ఇక్కడ వెలిశాయి. చిలంకూరు, ఎర్రగుంట్ల, నల్లలింగాయపల్లె, నవాబుపేటలలో తయారైన సిమెంటు ఊళ్లకు చేరాలన్నా, రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద ఫ్యాక్టరీలకు చేరాలన్నా లారీలు, బల్కర్లు కదలాలి. వాన ముఖం చాటేసి శనగ చేతికి రాని ఏడాది, ఇంట్లో ఒక కుర్రవాడికి హెవీ లైసెన్సు తీయించాలన్న ఆలోచన చాలా కుటుంబాలకు వస్తుంది.

లైసెన్సు రావడానికి ఇప్పుడు పెద్ద చదువు అక్కరలేదు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నిబంధనను 2019లో తీసివేశారు. ఇరవై ఏళ్లు నిండి, లైట్ మోటార్ లైసెన్సు పుచ్చుకుని ఏడాది గడిచి ఉంటే చాలు. అసలు చిక్కు లైసెన్సు వచ్చిన తర్వాతనే మొదలవుతుంది. ఎవరి దగ్గర చేరాలి? జీతం ఎక్కువ ఇచ్చేవారి దగ్గరనా, పేరున్న కంపెనీలోనా?

ఫ్యాక్టరీ వేరు, ఓనరు వేరు

ఫలానా సిమెంటు ఫ్యాక్టరీలో లారీ తోలుతున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. కాని ఆ లారీ సాధారణంగా ఫ్యాక్టరీది కాదు. రవాణా కాంట్రాక్టు ఒకరిది, లారీ మరొకరిది. డ్రైవరు ఆ లారీ ఓనరు మనిషి. ఫ్యాక్టరీ మస్టరులో అతని పేరు ఉండదు. ఫ్యాక్టరీ ఉద్యోగికి వచ్చే బోనసు గాని, క్వార్టరు గాని అతనికి రాదు. గేటు బయట లోడు కోసం రెండు రోజులు పడిగాపులు పడినా, ట్రిప్పు లెక్కన జీతం తీసుకునే డ్రైవరుకు ఆ రెండు రోజులూ వృథాయే.

ఈ పనికి మరో బలహీనత ఉన్నది. 2024 నవంబరులో థర్మల్ కేంద్రం బూడిద రవాణాపై తగాదా వచ్చి లారీలు నిలిచిపోయాయి. అటువంటి తగాదాలు పెద్దల మధ్య వస్తాయి. ట్రిప్పు పోయేది మాత్రం స్టీరింగు పట్టినవాడికి. అయితే ఈ పనిలో ఒక మేలు లేకపోలేదు. దగ్గరి ట్రిప్పులైతే వారంలో నాలుగు రాత్రులు ఇంట్లో పడుకోవచ్చు.

ఆర్టీసీలోనూ రెండు రకాలు

హెవీ లైసెన్సు ఉన్నవారందరి చూపూ ఆర్టీసీ మీదనే ఉంటుంది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వోద్యోగులయ్యారు. జీతం స్కేలు ప్రకారం వస్తుంది, డ్యూటీ చార్టు ప్రకారం పడుతుంది. కాని ఖాళీలు ప్రకటించినప్పుడే అందులోకి దారి. పైగా ఆర్టీసీ రంగు వేసుకుని తిరిగే బస్సులన్నీ సంస్థవి కావు. అద్దె బస్సు నడిపే డ్రైవరు బస్సు ఓనరు దగ్గర పనివాడే తప్ప ఆర్టీసీ ఉద్యోగి కాడు. బస్సు రంగు చూసి చేరి, తర్వాత విచారించి లాభం లేదు.

పార్సెల్ కంపెనీలు

దేశమంతా సరుకు తోలే పెద్ద కంపెనీలలోనూ తేడాలున్నాయి. హుబ్బళ్లికి చెందిన వీఆర్ఎల్ వంటి సంస్థ వేల సంఖ్యలో సొంత లారీలు నడుపుతుంది. కొన్ని కంపెనీలు ఎక్కువగా బయటి లారీలనే కిరాయికి మాట్లాడుకుంటాయి. మొదటి రకంలో డ్రైవరు కంపెనీ మనిషి. రెండవ రకంలో బోర్డు కంపెనీది, డ్రైవరు బాధ్యత లారీ ఓనరుది. ఈ పనిలో రోడ్డు మీద గడిపే రోజులు ఎక్కువ. దానికి ఒక కంపెనీ కొత్త మార్గం చూపింది. 2014లో గుర్‌గావ్‌లో మొదలైన రివిగో, కొన్ని గంటలకొక డ్రైవరును మార్చి లారీని ముందుకు పంపి, మొదటి డ్రైవరును ఎదురు లారీలో వెనక్కు పంపేది. డ్రైవరు అదే రోజు ఇల్లు చేరాలన్నది దాని ఉద్దేశం. దాని ఎక్స్‌ప్రెస్ సరుకు రవాణా వ్యాపారాన్ని 2022లో మహీంద్రా లాజిస్టిక్స్ కొన్నది.

కువైట్ వీసా

కువైట్ పేరు వినని ఊరు ఈ ప్రాంతంలో అరుదు. అక్కడికి డ్రైవరుగా పోయేవారు వీసా నంబరు చూసుకోవాలి. 18 నంబరు కంపెనీ వీసా, 20 నంబరు ఇంటి పని వీసా. 20 మీద పోయిన డ్రైవరు ఒక ఇంటి కారు నడపడానికే పోయినట్లు. అతనికి వర్తించేది ఇంటి పనివారి కోసం 2015లో చేసిన చట్టమే గాని కంపెనీ కార్మికుల చట్టం కాదు. లారీ పని అని చెప్పి 20 వీసా చేతిలో పెట్టే ఏజెంటును నమ్మరాదు.

కాగితం విలువ

ఒకచోట జీతం నెలకు 18 వేలు, పి.ఎఫ్. లేదు. మరొకచోట 15 వేలు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయి. మొదటిదే మేలని తోస్తుంది. కాని రెండవచోట యజమాని 12 శాతం వాటా కింద నెలకు 1,800, ఏడాదికి 21,600 రూపాయలు కడతాడు. డ్రైవరు పేర కోత పడే మొత్తమూ అతని ఖాతాకే చేరుతుంది. ఇ.ఎస్.ఐ. ఉన్న కార్మికుడు పనిలో ప్రమాదానికి గురై మరణిస్తే భార్యాబిడ్డలకు నెలనెలా పింఛను వస్తుంది.

ఇ.ఎస్.ఐ. లేనిచోట యజమాని పరిహారం ఇవ్వాలి. లారీ ఇన్సూరెన్సు ఉంటే ఆ భారం బీమా కంపెనీ మోస్తుంది. ఆ పరిహారాన్ని మృతుని వయస్సును, నెల జీతాన్ని బట్టి కడతారు. జీతం ఏ సంతకమూ లేకుండా చేతికి ఇచ్చినదైతే, ఎంత ఇచ్చేవారో రుజువు చేయడం ఇంటి ఆడవారికి తలకు మించిన పని అవుతుంది. బ్రతికి ఉన్నప్పుడు అడగని కాగితం కోసం తర్వాత కార్యాలయాల చుట్టూ తిరగవలసి వస్తుంది.

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల ప్రకారం, పదిమంది, అంతకు మించి పనివారున్న రవాణా సంస్థ నియామక పత్రం ఇచ్చి తీరాలి. రోజుకు ఎనిమిది గంటల పని, అంతకు మించితే రెట్టింపు కూలి అన్నది చట్టం మాట.

అడగవలసిన ప్రశ్నలు

చేరబోయే ముందు డ్రైవరు ఈ సంగతులు తేల్చుకోవడం మంచిది. మస్టరులో తన పేరు రాసేది ఎవరు? జీతం నెలకా, ట్రిప్పుకా? లోడు కోసం ఆగిన రోజులకు బత్తా ఉన్నదా? పి.ఎఫ్. నంబరు ఎప్పుడు ఇస్తారు? లారీ ఇన్సూరెన్సు గడువు ఎప్పటి వరకు ఉన్నది? ఓవర్‌లోడు కేసు పడితే జరిమానా ఎవరు కడతారు? నెలకు ఎన్ని రాత్రులు ఇంట్లో ఉండవచ్చు?

వీటికి నోటి మాటగా కాక కాగితం మీద జవాబు ఇచ్చే యజమాని చిన్నవాడైనా పెద్ద యజమానే. అడిగినందుకు విసుక్కునేవాడి గేటు ఎంత ఎత్తున ఉన్నా, దాని ముందు మరొక్కసారి ఆలోచించి అడుగు వేయడం మంచిది.